మూడు తుపాకులకు ఒకే మూగగొట్టం

ఈశ్వరాచారికి వచ్చిన చిక్కంతా ఒక్క మాటతో వచ్చింది. ఆ మాట "అయితది".

ఎవరు ఏ పని చెప్పినా అతని నోట్లోంచి ముందు అదే ఊడిపడేది. ఆవులగిరి సంస్థానంలో రాజావారి తుపాకులు చూసే కాసిం ఉస్తాద్ దగ్గర పన్నెండేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. చేతిలో పనితనం ఉంది. కంట్లో కొలత ఉంది, దూరాన ఉన్నది చూసి జానెడో బెత్తెడో చెప్పాడంటే తాడు పెట్టి కొలవక్కర్లేదు. కానీ "కాదు" అనే మాట మాత్రం ఆ నోటికి అలవాటు కాలేదు. తపాలా ఆయన గోడగడియారం తెస్తే అయితది అన్నాడు. అది రెండేళ్లుగా గూట్లో పళ్లచక్రాలుగా పడి ఉంది. తపాలా ఆయన వచ్చినప్పుడల్లా గూటివైపు చూస్తాడు, ఈశ్వరాచారి కప్పువైపు చూస్తాడు.

అలాంటివాణ్ణి ఒకరోజు రాజావారు పిలిపించారు. ఉస్తాద్ ఊళ్లో లేడు. దర్గా ఉర్సుకు పోయి పది రోజులకు గానీ రానన్నాడు. రాజావారు ఆ సందు చూసుకునే పిలిపించారు.

రాజావారి ముందు బల్ల మీద బెత్తెడు పొడుగున్న నల్లటి గొట్టం ఉంది. దేశాలు తిరిగే స్నేహితుడెవరో పంపించాడు. తుపాకి మూతికి మరతో బిగిస్తే మోత బయటికి రాదు. తుపాకుల గదిలో వాళ్లు అప్పటికే దానికి మూగగొట్టం అని పేరు పెట్టేశారు.

రాజావారికి మూడు తుపాకులు. కుందేళ్లకూ కౌజులకూ చిన్నది, జింకకు నడిమిది, అడవిపందికి పెద్దది. మూగగొట్టం చిన్నదానికి సరిగ్గా సరిపోయింది. దాంతో కౌజును కొడితే పక్కగదిలో ఎవరో పుస్తకం మూసినంత చప్పుడు. రాజావారి సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషం ఎందుకో చెప్పాలి. రాజావారికి వేట అంటే ప్రాణం. వేటకు మాత్రం రాజావారి మీద అంత ప్రేమ లేదు. ఇరవై ఏళ్లుగా ఆయన అడవికి పోవడం, తుపాకి మోగడం, ఖాళీ బండి తిరిగిరావడం. పెద్దది మోగితే మూడు ఊళ్లకు వినబడుతుంది. కల్లు కాంపౌండు దగ్గర కూర్చున్నవాళ్లు బండివైపు చూసి ఏమీ అనకుండా ముంత ఎత్తేవాళ్లు. రాజావారికి ఆ ఎత్తడం తెలుసు. మోతే లేకపోతే తప్పినట్టు ఎవరికి తెలుస్తుంది? అదీ ఆయన ఆలోచన.

"వచ్చే వారం ఆదివారం పొరుగు రాజావారు వేటకు వస్తున్నరు," అన్నారు. "అప్పటికి ఈ గొట్టం నడిమిదానికి, పెద్దదానికి కూడ పట్టాలె. ఉస్తాద్ ఏమంటడో నాకు తెల్సు. అందుకే నిన్ను పిలిచిన. ఏమంటవ్?"

"అయితది ప్రభూ."

"ఇది చేసి చూపిచ్చినవంటే ఉస్తాద్ తర్వాత తుపాకుల గది నీదే."

ఈశ్వరాచారి ఇంటికి నడవలేదు, తేలుకుంటూ పోయాడు. పన్నెండేళ్లుగా అతను కోరుకున్నది ఆ గది ఒక్కటే.

మరునాటి నుంచి పనిలో పడ్డాడు. మూడు తుపాకుల మూతులు మూడు లావులు. గొట్టం మర ఒక్కటే. అందుకని నడిమిదానికి ఒకటి, పెద్దదానికి ఒకటి, లోపలా బయటా మరలు కోసిన ఇత్తడి పొన్నులు తయారుచేశాడు. రోకలి చివర ఇనప పొన్ను వేసినట్టు, ఇది తుపాకి మూతికి పట్టుకుంటుంది, గొట్టం దీన్ని పట్టుకుంటుంది. ఆ పొన్నులు చూస్తే నిజంగానే ముద్దొచ్చేలా ఉన్నాయి. బిగిస్తే నీళ్ల చుక్క కూడా కారదు. రోజుకు పదిసార్లు బిగించి విప్పి చూసుకుని మురిసిపోయాడు.

అయిదో రోజున గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి లోపలికి చూశాడు. లోపల గదులు గదులుగా రేకులు అడ్డం ఉన్నాయి. ప్రతి రేకు నడుమ ఒక బెజ్జం, చిన్నదాని గుండు పోయేటంత. పెద్దదాని గుండు తెచ్చి గొట్టం మూతి దగ్గర పెట్టాడు. అది కుండ మీద మూతలా కూర్చుంది.

అయినా నోరు ఇచ్చిన మాటను చేతులు నిలబెట్టాలి కదా. బెజ్జాలు పెద్దవి చేస్తే సరిపోతుంది అనుకున్నాడు. అనుకోగానే మళ్లీ ధైర్యం వచ్చింది. ఆ బెజ్జం కొట్టడానికి తగిన బర్మా సాన పట్టడానికే ఇంకో మూడు రోజులు పోయాయి.

శనివారం పొద్దున్నే గొట్టాన్ని బిగించి బర్మా చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే గుమ్మంలో వెలుతురు తగ్గింది. కాసిం ఉస్తాద్ గుమ్మంలో నిలబడితే వెలుతురు లోపలికి రావడానికి దారి ఉండదు. అంత భారీ మనిషి. చంకలో మూట, చేతిలో దర్గా దగ్గర కొన్న ఖర్జూరాల పొట్లం.

"ఏం చేస్తున్నవ్ బేటా?"

ఈశ్వరాచారి మొత్తం చెప్పాడు. గది సంగతి కూడా చెప్పాడు, కాకపోతే కొంచెం చిన్న గొంతుతో. ఉస్తాద్ పొన్నులు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. పెద్దదాని మూతికి ఒకటి బిగించాడు, విప్పాడు.

"మర మంచిగ పట్టింది. వెంట్రుక సందు లేదు," అన్నాడు.

"రేకులకు బెజ్జాలు పెద్దగ కొడత ఉస్తాద్. పెద్దదాని గుండు పోయేటంత. పెద్దది పోయిన తొవ్వల చిన్నది పోదా? ఒక్కటే గొట్టం, మూడు తుపాకులు."

"పోతది," అన్నాడు ఉస్తాద్. ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. గింజ తీసి కిటికీ బయట పారేశాడు. తర్వాత తన కుర్తా వైపు చూసుకున్నాడు. "బండి ఇరుసు నూనె అంటింది. వచ్చిన సంగతి రాజావారికి చెప్పి రావాలె. నీ చొక్కా ఇయ్యి."

చొక్కా మేకుకు వేలాడుతోంది. అది పెళ్లిలో మామ పెట్టిన పట్టుచొక్కా. దానికి ఆరు ఇత్తడి గుండీలు ఈశ్వరాచారే పోసుకున్నాడు, కాజాలకు కొలిచి మరీ. రాజావారి దగ్గరికి పోవాలంటే అదే తొడుక్కుంటాడు. మనిషి చూస్తే చువ్వ. చొక్కా కూడా అంతే.

"నాకు పడతదా?" అడిగాడు ఉస్తాద్.

ఉస్తాద్ పొట్ట ఎదురుగానే ఉంది. చొక్కా కూడా ఎదురుగానే ఉంది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"పడతది ఉస్తాద్," అన్నాడు ఈశ్వరాచారి.

ఉస్తాద్ కుర్తా విప్పి, చొక్కాలోకి ఒక చెయ్యి దూర్చాడు. రెండో చెయ్యి దూర్చడానికి శిష్యుడు వెనకనుంచి పట్టుకోవలసి వచ్చింది. తర్వాత ఉస్తాద్ ఊపిరి పీల్చి పొట్ట లోపలికి లాక్కుని అలాగే నిలబడ్డాడు. కళ్లతోనే గుండీలు చూపించాడు. ఈశ్వరాచారి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క గుండీ పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి చెమట పట్టింది. ఆరోదానికి దేవుణ్ణి తలుచుకున్నాడు. ఆరూ పట్టాయి.

"పెట్టిన ఉస్తాద్."

ఉస్తాద్ ఊపిరి వదిలాడు.

చొక్కా వీపున మెడ దగ్గర మొదలై నడుము దాకా ఒకే గీతలో చిరిగిపోయింది. ఆ చప్పుడుకు కిటికీ మీద పావురం లేచిపోయింది. ఈశ్వరాచారి మోకాళ్ల మీదే ఉండిపోయాడు. మామ మొహం, పెళ్లిపందిరి, భార్య అడగబోయే ప్రశ్నలు అన్నీ వరసగా కళ్లముందుకు వచ్చాయి. నిజంగా ఏడుపు వచ్చింది.

"గుండీలు చూడు," అన్నాడు ఉస్తాద్. "ఒక్కటన్న ఊడిందా?"

"లేదు ఉస్తాద్."

"మంచిగ పోసినవ్ బేటా."

చిరిగిన చొక్కా విప్పి జాగ్రత్తగా మడిచి శిష్యుడి చేతిలో పెట్టాడు. మూట విప్పి ఉతికిన కుర్తా ఒకటి తీసి తాను తొడుక్కున్నాడు. ఈశ్వరాచారి ఆ కుర్తా వైపు చూసి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఉస్తాద్ మూటలోంచి ఇంకొకటి తీశాడు.

"నీకు చొక్కా లేకపాయె. ఇది తొడుక్కో. పడతదా?"

ఈసారి ఈశ్వరాచారి వెంటనే జవాబు చెప్పలేదు. తొడుక్కున్నాడు. మెడ ఒక భుజం దాటి జారింది. చేతులు వేళ్లు దాటి వేలాడాయి. అంచు చీలమండల దగ్గర ఆగింది.

"పెద్దదాంట్ల చిన్నది పోయిందా?"

"పోయింది."

అది పుష్యమాసం. కిటికీలోంచి చలిగాలి వస్తోంది.

"చలి ఆగుతున్నదా?"

ఈశ్వరాచారి కుర్తా లోపల వణికాడు. "లేదు ఉస్తాద్. అన్ని దిక్కులకెళ్లి వస్తున్నది."

ఉస్తాద్ తలూపి, చాయ్ తాగి వస్తానని బయటికి పోయాడు.

ఈశ్వరాచారి బిగించి ఉన్న గొట్టం వైపు చూశాడు. చేతిలో చిరిగిన చొక్కా వైపు చూశాడు. గొట్టం గోడ మీద వేలితో కొట్టి విన్నాడు. పలచటి రేకు. చిన్నదాని గుప్పెడు ఊపిరికి చేసిన గొట్టం అది. పెద్దది ఊపిరి వదిలితే పొన్ను ఎక్కడికీ పోదు, గొట్టం పేలిపోతుంది, రాజావారి మొహానికి మూరెడు దూరంలో. ఇక బెజ్జాలు పెద్దవి చేశాక చిన్నదానికి బిగిస్తే మోత అన్ని దిక్కులనుంచీ బయటికి వస్తుంది. ఉన్న ఒక్క మూగతుపాకి కూడా మాట్లాడుతుంది.

బర్మా పక్కన పెట్టి గొట్టం విప్పాడు.

ఉస్తాద్ తిరిగి వచ్చేసరికి గొట్టం గుడ్డలో చుట్టి ఉంది.

"రాజావారికి ఏం చెప్పాలె ఉస్తాద్?"

"నాకెట్ల తెల్సు? మాట ఇచ్చింది నువ్వు."

ఈశ్వరాచారి ఆ కుర్తాతోనే బంగళాకు పోయాడు, వేరే దారి లేదు. మెట్ల మీద రెండుసార్లు అంచు తొక్కి తూలాడు. రాజావారు మీసాలకు నూనె రాసుకుంటూ ఉన్నారు. అతన్ని చూడగానే నవ్వాపుకోలేకపోయారు.

"ఏందయ్యా ఈ వేషం? అయిందా పని?"

ఈశ్వరాచారి నోరు తెరిచాడు. "కొంచెం కష్టం ప్రభూ" అని వచ్చింది. "కష్టమైతే ఏంది, చెయ్యి" అన్నారు రాజావారు. "చూడాలె ప్రభూ" అని వచ్చింది. "చూడు" అన్నారు. ఇలా కాదని అర్థమైంది. కళ్లు మూసుకుని, జారుతున్న మెడను ఒక చేత్తో పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాట అన్నాడు.

"కాదు ప్రభూ."

రాజావారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "ఎందుకు కాదు?"

"చిన్నదానికి చేసిన గొట్టం అది. పెద్దదానికి పెడితే పగులుతది. మీ మొహం ముందర."

"మీసం పోతదా?"

"మీసం ఒక్కటే పోతే దేవుని దయ, ప్రభూ."

రాజావారు నూనెగిన్నె పక్కకు నెట్టారు. పదిరోజులుగా ఎదురుచూసిన ఆదివారం కళ్లముందే చెడిపోయింది. కోపం వచ్చింది, రాదా మరి. "తుపాకుల గది మాట మరిచిపో," అన్నారు.

"మరిచిపోయిన ప్రభూ." జారుతున్న మెడ సర్దుకుని గుమ్మంవైపు తిరిగాడు.

"ఆగు. రేపు పెద్దదానికి తూటా పెట్టి ఇచ్చేది నువ్వే. నా పక్కనే నిలబడాలె. ఆ మోత నీవల్లనే గద, దగ్గరుండి విను."

ఆదివారం అడవి అంచున అందరూ చేరారు. పొరుగు రాజావారు, ఇద్దరి పరివారం, డప్పులవాళ్లు. ఉస్తాద్ వెనకాల బండిలో తూటాల పెట్టె మీద కూర్చున్నాడు. డప్పులు మోగాయి. తుప్పల్లోంచి ఒక పంది బయటికి వచ్చి ఎండిన మోదుగుమొద్దు ముందర ఆగి చుట్టూ చూసింది. పొరుగు రాజావారు మర్యాదగా మొదటి అవకాశం ఈయనకే వదిలారు.

రాజావారు పెద్దదాన్ని ఎత్తి పేల్చారు. కొండ తిరిగి మోగింది. ఆ తుపాకి వెనక్కి తన్నే తన్నుకు ఎప్పటిలాగే తలపాగా కళ్ల మీదికి జారింది. ఆయన దాన్ని పైకి తోసుకునేసరికి పంది లేదు, దుమ్ము ఉంది.

పరివారం ఒక్కసారిగా పని అందుకుంది.

"గాలి మళ్లింది ప్రభూ," అన్నాడు ఒకాయన.

"పంది తల వంచింది, లేకుంటే అయిపోయేది."

"తగిలింది ప్రభూ, నేను చూసిన. లోపట దెబ్బ. ఇంటికి పోయి చస్తది."

ఇరవై ఏళ్లుగా ఈ మూడు మాటలే. పొరుగు రాజావారు ఆకాశంలో గద్దను చూస్తున్నట్టు నటించారు. రాజావారు తలపాగా సర్దుకుని పక్కకు తిరిగారు.

"చారీ. నిన్న కాదన్న నోరు ఒకటి ఉండె గద నీకు. అది తెచ్చినవా?"

"తెచ్చిన ప్రభూ."

"గుండు యాడికి పోయింది?"

పరివారమంతా ఈశ్వరాచారి వైపు చూసింది. ఆ చూపులకు మనిషన్నవాడు గాలి అనే అంటాడు. ఈశ్వరాచారి మొద్దు వైపు చూశాడు, దుమ్ము లేచిన చోటు చూశాడు, మళ్లీ పరివారం వైపు చూశాడు.

"రెండు మూరలు ఎడమకు పోయింది ప్రభూ."

డప్పులవాడొకడు డప్పు మీద చెయ్యి పెట్టి దాని చప్పుడు ఆపేశాడు.

"ఎడమకు," అన్నారు రాజావారు. కొత్తగా ఏదో ఊరి పేరు విన్నట్టు ఇంకోసారి అన్నారు. "ఎడమకు. ఇరువై ఏండ్ల సంది ఎవ్వరూ చెప్పలేదేం?"

గాలి మళ్లిందన్న ఆయన తన చెప్పుల్లో ఏదో వెతుక్కున్నాడు. రాజావారు చెయ్యి చాపారు. ఈశ్వరాచారి ఇంకో తూటా పెట్టి ఇచ్చాడు. పంది లేదు కాబట్టి ఆ మొద్దునే గురి చూశారు. ఆ గురి రెండు మూరలు కుడికి జరిపి పేల్చారు. కొండ మళ్లీ మోగింది. తలపాగా మళ్లీ జారింది.

"ఇప్పుడు?"

"మూరెడు ఎడమకు ప్రభూ."

మూడో తూటా. ఇంకో మూర కుడికి జరిపారు. ఈసారి మోత తర్వాత ఇంకో చప్పుడు వినబడింది. కొయ్య చీలిన చప్పుడు. తలపాగా కింద చీకట్లోనే రాజావారు దాన్ని విన్నారు. పైకి తోసుకుని చూస్తే మోదుగుమొద్దు రెండు చెక్కలై ఉంది.

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని ఎవరో అనబోయారు, అంతలోనే ఊరుకున్నారు.

"చారీ," అన్నారు రాజావారు. "మరిచిపొమ్మన్న మాట మళ్లొకసారి యాది చేసుకో. వేటకు పోయినప్పుడల్ల నువ్వు నా పక్కనే ఉండాలె."

సాయంత్రం ఎండ ఉండగానే తుపాకుల గదికి చేరారు. ఉస్తాద్ కింద కూర్చుని పెద్దదాని గొట్టం లోపలికి నూనెగుడ్డ చుట్టిన కడ్డీ దూర్చి మెల్లగా తుడుస్తున్నాడు. ఈశ్వరాచారికి కాళ్లు నేల మీద నిలవడం లేదు. రెండుసార్లు గది ఈ గోడనుంచి ఆ గోడదాకా నడిచాడు.

"చూసినవా ఉస్తాద్? అంతమంది ముందర, భయం లేకుంట ఉన్నది ఉన్నట్టు చెప్పిన."

ఉస్తాద్ కడ్డీ బయటికి లాగి గుడ్డకు అంటిన మసి చూశాడు.

"మీరు బండ్లు కడుతుంటే మొద్దు కాడికి పోయి చూసొచ్చిన," అన్నాడు. "మొదటి గుండు మన్ను లేపిన చోటు కొలిచిన. మూడు మూరలు. నువ్వు చెప్పింది రెండు."

ఈశ్వరాచారి నడక ఆగిపోయింది.

"నీ కంటికి మూర తేడా రాదు బేటా. పన్నెండేండ్ల సంది చూస్తున్న."

ఉస్తాద్ గుడ్డ మార్చి కడ్డీ మళ్లీ గొట్టంలోకి దూర్చాడు.

"మొదటి గుండు రాజావారు తప్పిచ్చిన్రు. రెండోది నువ్వు తప్పిచ్చినవ్."